సానీ పాస్ మీదుగా లెసోతో కొండపై లాడ్జ్‌కి: తరచుగా అడిగే ప్రశ్నలు

దక్షిణాఫ్రికాకి ఉద్యోగాల మీద వచ్చినవాళ్లు, వాళ్లను చూడ్డానికి వచ్చే అమ్మానాన్నలు, సెలవులకి డర్బన్ దాకా వచ్చి "ఇంకేం చూడొచ్చు ఇక్కడ" అని వెతుక్కునేవాళ్లు సానీ పాస్ గురించి దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతుంటారు. జవాబులన్నీ ఒకచోట పెడుతున్నాను. వెళ్లాలా వద్దా అన్నది పెద్ద ప్రశ్నే కాదు, తప్పకుండా వెళ్లండి. స్టీరింగ్ ఎవరి చేతిలో ఉండాలన్నదే ఆలోచించాల్సింది. అందుకే ఆ భాగం కాస్త ఎక్కువ రాశాను.

అసలు ఈ సానీ పాస్ ఎక్కడుంది? పైన ఏముంది?

దక్షిణాఫ్రికా తూర్పు వైపున క్వాజులు-నటాల్ రాష్ట్రం ఉంది. దాని పడమటి అంచున డ్రాకెన్స్‌బర్గ్ కొండలు నిట్టనిలువుగా లేచి ఉంటాయి. ఆ కొండల పైభాగమే లెసోతో దేశం. నాలుగు వైపులా దక్షిణాఫ్రికానే చుట్టుకుని ఉన్న ఈ చిన్న దేశంలో అన్నిటికన్నా పల్లపు చోటు కూడా సముద్రమట్టానికి 1,400 మీటర్ల ఎత్తున ఉంటుంది. కింది నుంచి పైకి, ఒక దేశం నుంచి ఇంకో దేశంలోకి, మకొమజానా నది లోయ వెంట ఎక్కే కంకర దారి పేరే సానీ పాస్.

దారి దాదాపు 1,544 మీటర్ల దగ్గర మొదలై 2,876 మీటర్ల దగ్గర ముగుస్తుంది. పైకి చేరగానే లెసోతో సరిహద్దు చౌకీ, కొన్ని గుండ్రటి రాతి గుడిసెలు, గొర్రెల మందలు, ఆ పక్కనే లోయ అంచున సానీ మౌంటెన్ లాడ్జ్ కనిపిస్తాయి. ఆఫ్రికా మొత్తంలో ఇదే అన్నిటికన్నా ఎత్తైన పబ్ అని, 2,874 మీటర్లు అని వాళ్లు చెప్పుకుంటారు. ఆ బోర్డు పక్కన నిలబడి ఫొటో దిగకుండా తిరిగొచ్చినవాళ్లు నాకు తెలిసినంతలో లేరు, మందు ముట్టని మా పెద్దవాళ్లతో సహా.

దూరం ఎంత? ఎంతసేపు పడుతుంది?

డర్బన్ నుంచి అండర్‌బర్గ్ ఊరికి సుమారు 200 కిలోమీటర్లు. ఎన్3 హైవే మీద పీటర్‌మారిట్జ్‌బర్గ్ దాటి, హోవిక్ దగ్గర ఆర్617 రోడ్డుకి మళ్లి, బుల్వర్ మీదుగా వెళ్లాలి. మూడు గంటలు వేసుకోండి. జోహానెస్‌బర్గ్ నుంచైతే ఆరు గంటలు పట్టొచ్చు. అండర్‌బర్గ్ పక్కనే హిమ్‌విల్ ఉంది. అక్కడి నుంచి సానీ దారి మొదలవుతుంది.

అసలు కష్టం రెండు దేశాల చౌకీల మధ్య ఉండే సుమారు ఎనిమిది కిలోమీటర్లే. "ఎనిమిదేనా!" అని నవ్వేవాళ్లుంటారు. అంతా బాగుంటే దానికి గంట పడుతుంది. ఎదురుగా లారీ వస్తేనో, మంచు కమ్మితేనో ఇంకా ఎక్కువ. సరిహద్దు గేట్లు ఉదయం ఆరింటికి తెరిచి సాయంత్రం ఆరింటికి మూసేస్తారు. గేట్లు రెండు ఉన్నాయన్నది గుర్తుంచుకోండి. ఐదున్నరకి కింది గేటు దాటి "వచ్చేశాంలే" అనుకుంటే పైగేటు దగ్గర ఇరుక్కుంటారు. డర్బన్‌లో పొద్దున బయలుదేరి, దారిలో టిఫిన్లు, ఫొటోలు అయ్యాక అదే రోజు పైకెక్కుదామనే ప్లాన్ పెట్టుకోకండి. ముందురోజు రాత్రి అండర్‌బర్గ్‌లోనో హిమ్‌విల్‌లోనో పడుకుని, తెల్లవారి తాపీగా వెళ్లండి.

తారు వేశారని విన్నాం. ఇంకా అంత ఘోరంగా ఉందా?

కింది భాగంలో దశలవారీగా కొన్నేళ్లుగా పని నడుస్తోంది, చాలా దూరం తారు పడింది. దక్షిణాఫ్రికా చౌకీ దాటాక ఎక్కే అసలు ఘాట్ రోడ్డు మాత్రం కంకర, బండరాళ్ల దారే. పైకి వెళ్లాక విచిత్రం చూస్తారు. లెసోతో వైపు మొఖోట్లాంగ్ ఊరి దాకా చక్కటి తారు రోడ్డు ఉంటుంది. డబ్బున్న దేశం వైపు రాళ్లు, పేద దేశం వైపు తారు!

ఘాట్ రోడ్డు ఎలా ఉంటుందంటే: మొదట్లో నది పక్కన వాగులు దాటుతూ మామూలు గతుకుల దారిలాగే ఉంటుంది. "దీనికేనా ఇంత హడావిడి" అనిపిస్తుంది. ఆ తర్వాత తలెత్తి చూస్తే ఎదురుగా గోడలాంటి కొండ, దానిమీద ఒకదాని పైన ఒకటిగా మెలికలు. చివర్లో వరసగా వచ్చే ఆ వంపుల్లో కొన్నిచోట్ల ప్రతి మూడు మీటర్లకి ఒక మీటరు లేస్తుంది. వంపులకి పేర్లు కూడా పెట్టారు: సూసైడ్ బెండ్, ఐస్ కార్నర్, బిగ్ విండ్ కార్నర్. ఒకదానికైతే ఏకంగా మొలల పేరే పెట్టారు. ఎందుకో వెనక సీట్లో కూర్చుంటే తెలుస్తుంది.

వాన పడ్డప్పుడల్లా దారి మారిపోతుంది. నిరుడు వెళ్లొచ్చినవాళ్ల వీడియో చూసి ఈ ఏడాది దారిని అంచనా వేయకండి. ముందురోజు హిమ్‌విల్‌లో ఎవరినైనా అడిగితే చాలు, ఏ వంపులో రాళ్లు తేలాయో కూడా చెప్తారు.

మామూలు కారులో వెళ్లలేమా?

కింది నుంచి వెళ్లలేరు. దక్షిణాఫ్రికా చౌకీలోనే బండిని చూసి, 4x4 (నాలుగు చక్రాలకీ ఇంజిన్ బలం అందే బండి) కాకపోతే వెనక్కి పంపేస్తారు. ఇక్కడ చాలామంది పొరబడేది ఎక్కడంటే, చూడ్డానికి ఎత్తుగా ఉన్న ప్రతి బండీ 4x4 అనుకుంటారు. ఫార్చ్యూనర్, డస్టర్ లాంటివి రెండు రకాలుగానూ వస్తాయి. అద్దెకి తీసుకునేటప్పుడు "ఎస్‌యూవీ" అని రాసి ఉంటే సరిపోదు, 4x4 అని స్పష్టంగా ఉండాలి. లో రేంజ్ గేర్ (బండిని నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగించే గేరు) కూడా ఉండాలి.

కానీ కారులో పైకి చేరే దారి ఇంకొకటుంది, దీని గురించి మనవాళ్లలో ఎక్కువమందికి తెలియదు. జోహానెస్‌బర్గ్ వైపు నుంచి వచ్చేవాళ్లు ఫౌరీస్‌బర్గ్ దగ్గర కాలెడన్స్‌పోర్ట్ సరిహద్దు దాటి, బుతా-బుతే, ఆక్స్‌బో, మొఖోట్లాంగ్ మీదుగా తారు రోడ్డు మీదే సానీ పైకి రావచ్చు. ఆ దారిలో మోటెంగ్ పాస్ ఉంది, 3,000 మీటర్లు దాటే ఎత్తులున్నాయి, లెట్సెంగ్ వజ్రాల గని ఉంది. 2006లో 603 క్యారెట్ల 'లెసోతో ప్రామిస్' వజ్రం దొరికింది అక్కడే. గుంతలు ఉంటాయి, చలికాలంలో మంచు పడుతుంది, ఒక రోజంతా పడుతుంది. అయినా సెడాన్ ఉన్న కుటుంబానికి ఇది నిజంగా మంచి మార్గం. లాడ్జ్‌లో ఉండి, లోయ అంచు నుంచి సానీ మెలికల్ని పైనుంచి చూసి, వచ్చిన దారినే వెనక్కి వెళ్లండి. పైనున్న లెసోతో చౌకీవాళ్లు కిందికి దిగే బండ్లను అంతగా ఆపరు. అలాగని కారుతో దిగే సాహసం మాత్రం చేయకండి.

4x4 అద్దెకి తీసుకుని నేనే నడపొచ్చా? తిరుమల, శ్రీశైలం, అరకు ఘాట్లన్నీ నడిపాను.

ఈ ప్రశ్న మన మగవాళ్లలో ప్రతి ఒక్కరూ అడుగుతారు. మన ఘాట్లు నడిపిన అనుభవం తీసిపారేసేది కాదు. హారన్ కొట్టడం, వంపులో ఎదుటి బండిని ఊహించడం, ఎక్కేవాడికి దారివ్వడం, ఇవన్నీ అలవాటై ఉంటాయి. ఇక్కడా ఎడమవైపే నడుపుతారు కాబట్టి చేతులు తడబడవు. కానీ మన ఘాట్లన్నీ తారు రోడ్లు, పక్కన పిట్టగోడలుంటాయి, తిరుమలలో అయితే ఎక్కడానికీ దిగడానికీ వేరువేరు రోడ్లు. ఇక్కడ చక్రం కింద ఉన్నది ఊడొచ్చే రాయి. అది జారితే ఏం చేయాలన్నది తారు మీద ఎన్నేళ్లు నడిపినా రాదు.

నేనైతే ఇలా చెప్తాను: లో రేంజ్ గేర్ ఎప్పుడూ వేయనివాళ్లు, సానీలో మొదటిసారి వేయొద్దు. దక్షిణాఫ్రికాలో 4x4 నేర్పించే ట్రాకులు చాలా ఊళ్లలో ఉన్నాయి. ఒక పూట అక్కడ గడిపి రండి. అది కుదరకపోతే టూర్ బండి ఎక్కండి.

నడపడానికే నిశ్చయించుకుంటే కాగితాలు సరిచూసుకోండి. మన లైసెన్సు ఇంగ్లిషులో, ఫొటోతో ఉంటుంది కాబట్టి ఇబ్బంది తక్కువ. ఇంటర్నేషనల్ పర్మిట్ కూడా తెచ్చుకుంటే చెక్‌పోస్టుల దగ్గర వాదనలుండవు. అద్దె బండిని దేశం దాటించాలంటే ఆ కంపెనీ ఇచ్చే అనుమతి పత్రం తప్పనిసరి, బుక్ చేసినప్పుడే అడిగి తీసుకోవాలి. ఇక ఇన్సూరెన్స్ చదవండి, పూర్తిగా చదవండి. కంకర దారిలో టైర్లు, అద్దం, బండి అడుగుభాగం దెబ్బతింటే చాలా పాలసీలు పైసా ఇవ్వవు. మా పరిచయస్తుడొకాయన "ఫుల్ కవర్" అన్న రెండు మాటలు చూసి సంతకం పెట్టి, తిరిగొచ్చాక ఒక టైరుకీ కింద గార్డు ప్లేటుకీ కట్టిన డబ్బుతో ఇంకోసారి లాడ్జ్‌లో ఉండొచ్చేవాడు.

సరే, నడుపుతాను. ఎక్కేటప్పుడు ఏం చూసుకోవాలి?

అండర్‌బర్గ్‌లో ట్యాంక్ నింపి, టైర్లలో గాలి కాస్త తగ్గించుకోండి. ఎంత తగ్గించాలో ఆ బండిని, టైరుని బట్టి బంకులోనో అద్దె కంపెనీలోనో చెప్తారు. స్టెప్నీ, జాకీ ఉన్నాయా, పనిచేస్తున్నాయా అన్నది కూడా అక్కడే చూడండి. చౌకీ దాటాక 4x4లో పెట్టండి. మెలికలు మొదలయ్యే ముందు సమంగా ఉన్న చోట ఆపి లో రేంజ్‌కి మార్చండి. సగం వంపులో మార్చాలని చూస్తే బండి ఆగిపోతుంది, వెనక్కి జారుతుంది, టెన్షన్ మొదలవుతుంది.

తర్వాత ఒకే గేరులో, ఒకే వేగంతో, నడిచే మనిషికన్నా కాస్త ఎక్కువ వేగంతో వెళ్లండి. యాక్సిలరేటర్ అదిమితే చక్రాలు తిరుగుతాయి తప్ప బండి కదలదు, కింద రాళ్లు వెనక్కి ఎగురుతాయి. వంపు దగ్గరకొచ్చినప్పుడు లోపలి అంచుని కోయకుండా వెడల్పుగా తిప్పండి, లోపలివైపే దారి నిటారుగా ఉంటుంది. ముందు బండి వంపు పూర్తిగా దాటేదాకా మీరు కింద ఆగండి. అది ఆగితే మీరు మధ్యలో ఇరుక్కుంటారు.

పెట్రోల్ బండి అయితే పైకి పోయేకొద్దీ నీరసిస్తుంది. గాలి పలచబడి, పైకి చేరేసరికి ఇంజిన్ బలం పావు వంతు దాకా పడిపోతుంది. బండి చెడిపోయిందేమోనని కంగారుపడొద్దు. టర్బో డీజిల్ అయితే ఈ తేడా అంతగా తెలియదు.

దిగడం తేలికే కదా?

ఎక్కడంకన్నా దిగడమే కష్టం. ఎక్కేటప్పుడు పొరపాటు జరిగితే బండి ఆగుతుంది. దిగేటప్పుడు జరిగితే ఆగదు. లో రేంజ్‌లో మొదటి గేరు వేసి, ఇంజినే బండిని పట్టుకునేలా వదిలేయండి. క్లచ్ మీద కాలు పెట్టొద్దు. బ్రేకు అప్పుడప్పుడూ, మెత్తగా. దిగినంతసేపూ బ్రేకు తొక్కే ఉంచితే కాలిన వాసన వస్తుంది, ఆ తర్వాత తొక్కినా పట్టదు. వాసన రాగానే వెడల్పు చోటు చూసుకుని ఆపి, పావుగంట చల్లారనివ్వండి. ఆటోమేటిక్ బండి నడిపేవాళ్లు 'డి'లో పెట్టి దిగొద్దు, మాన్యువల్‌కి మార్చి మొదటి గేరులో ఉంచండి. హిల్ డిసెంట్ బటన్ (దిగేటప్పుడు వేగాన్ని తనే అదుపులో ఉంచేది) ఉంటే వాడండి, సిగ్గేం లేదు.

ఎక్కే బండికే మొదటి హక్కు. పైనుంచి వచ్చేవాళ్లు ముందే వెడల్పు చోట ఆగి దారివ్వాలి. అయితే లెసోతో నుంచి జనాన్ని దించే అద్దె వ్యాన్ల డ్రైవర్లు రోజూ ఇదే దారిలో తిరుగుతారు, వాళ్ల లెక్కలు వేరు. వాళ్లతో పంతానికి పోకుండా కొండవైపు ఒదిగి ఆగండి. మబ్బు కిందికి దిగి అడుగు దూరం కనిపించకపోతే దిగే పని ఆపేసి, ఇంకో రాత్రి లాడ్జ్‌లోనే ఉండిపోండి. మర్నాడు ఫ్లైట్ పెట్టుకుని సానీకి వెళ్లకూడదనేది ఇందుకే.

నడపడం మావల్ల కాదు. వేరే దారి లేదా?

ఉంది. అండర్‌బర్గ్, హిమ్‌విల్ నుంచి ల్యాండ్ రోవర్‌లాంటి బండ్లలో డే టూర్లు నడుస్తాయి. పొద్దున తీసుకెళ్లి, దారిలో పూలు, పక్షులు, పన్నెండుగురు అపొస్తలులని పిలిచే రాతి శిఖరాలు చూపిస్తూ, పైన ఒక బసోతో (లెసోతో జనాన్ని అలా అంటారు) ఇంటికి తీసుకెళ్లి, పబ్‌లో భోజనం పెట్టించి, సాయంత్రానికి దించేస్తారు. రాత్రి అక్కడే ఉండి మర్నాడు వాళ్ల బండిలోనే దిగే ఏర్పాటు కూడా అడిగి చేసుకోవచ్చు. నడిపేవాడు రోడ్డు చూస్తాడు, మిగతావాళ్లు లోయ చూస్తారు. లోయ చూడాలనుంటే టూరే మేలు.

1948లో గాడ్‌ఫ్రే ఎడ్మండ్స్ అనే మాజీ యుద్ధ విమాన పైలట్ మొదటిసారి ఇక్కడ జీపు ఎక్కించాడు. అప్పటిదాకా ఇది కంచరగాడిదల బాట. ఉన్ని మూటలు కిందికి, మొక్కజొన్న మూటలు పైకి వాటి వీపుల మీదే వెళ్లేవి. టూర్ డ్రైవర్లు ఈ కథ చెప్పకుండా వదలరు.

పాస్‌పోర్ట్, వీసా సంగతి?

ఒక పూటకి వెళ్లొచ్చినా దేశం దాటుతున్నారు, కాబట్టి పాస్‌పోర్ట్ కావాలి, చౌకీల్లో స్టాంపులు పడతాయి. అందరికన్నా జాగ్రత్త పడాల్సింది ఇండియా నుంచి విజిటర్ వీసా మీద వచ్చిన పెద్దవాళ్ల విషయంలో. దక్షిణాఫ్రికా వీసా సింగిల్ ఎంట్రీ అయితే, సానీ ఎక్కిన క్షణాన అది వాడేసినట్టే. లెసోతోకి సముద్రం లేదు, ఇంకో పొరుగు దేశం లేదు. ఏ రోడ్డున దిగినా దక్షిణాఫ్రికాలోకే దిగాలి. అమ్మానాన్నలకి వీసా పెట్టేటప్పుడే మల్టిపుల్ ఎంట్రీ అడగండి.

భారతీయ పాస్‌పోర్ట్‌కి లెసోతో నియమాలు మారుతుంటాయి. బయలుదేరే ముందు వాళ్ల హైకమిషన్‌లో కనుక్కోండి, ఢిల్లీలో కూడా ఉంది. వాట్సాప్ గ్రూపుల్లో ఎవరో "మాకేం అడగలేదు" అన్నదాన్ని నమ్ముకోవద్దు. ఎల్లో ఫీవర్ ఉన్న దేశాల మీదుగా వచ్చి, అక్కడ విమానాశ్రయంలో 12 గంటలు మించి ఆగితే టీకా సర్టిఫికెట్ అడుగుతారు. టికెట్లు కొనేటప్పుడే అది చూసుకోండి.

ఏ నెలల్లో వెళ్లాలి?

ఇక్కడ కాలాలు మనకి తలకిందులు. మన ఎండాకాలం సెలవుల్లో వస్తే అక్కడ చలి ముదురుతుంటుంది. ఏప్రిల్, మే నెలలు నాకు అన్నిటికన్నా ఇష్టం: వానలు వెనకబడతాయి, ఆకాశం తేటగా ఉంటుంది, మంచు ఇంకా మొదలవదు. జూన్ నుంచి ఆగస్టు దాకా పైన రాత్రిళ్లు సున్నాకి బాగా కిందికి పోతుంది. ఎండ తగలని ఐస్ కార్నర్‌లో రోడ్డు మీదికి కారిన నీళ్లు గాజుపలకలా గడ్డకడతాయి. మంచు ఎక్కువ పడితే పాస్ మూసేస్తారు. మంచు చూడాలనే సరదా ఉంటే ఈ నెలల్లో టూర్ బండిలోనే వెళ్లండి. నవంబర్ నుంచి మార్చి దాకా కొండ పచ్చగా, అడుగడుగునా జలపాతాలతో ఉంటుంది కానీ మధ్యాహ్నమయ్యేసరికి ఉరుములు, మెరుపులు. అప్పుడు ఎక్కడం, దిగడం రెండూ పొద్దున్నే ముగించాలి.

అమ్మానాన్నలకి, పిల్లలకి అంత ఎత్తు పడుతుందా?

లేహ్ అంత ఎత్తు కాదిది, కానీ 2,500 మీటర్లు దాటాక కొందరికి తలనొప్పి, వికారం, నిద్రపట్టకపోవడం ఉంటాయి. సముద్రం పక్కనున్న డర్బన్ నుంచి ఒకే రోజు పైకి వస్తే ఇంకా తెలుస్తుంది. ముందురోజు అండర్‌బర్గ్‌లో ఆగమన్నది దీనికి కూడా పనికొస్తుంది. పైకి చేరిన మొదటి పూట నెమ్మదిగా నడవండి, నీళ్లు బాగా తాగండి, ఆ ఎత్తైన పబ్‌లో ఉత్సాహపడకండి. తలనొప్పి తగ్గకుండా పెరుగుతుంటే కిందికి దిగడమే మందు, కాకపోతే గేటు టైము లోపల.

గుండె జబ్బు, ఆయాసం ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగాకే రావాలి. గర్భిణులు, నడుం నొప్పి ఉన్నవాళ్లు ఆ కుదుపులకి దూరంగా ఉండటం మంచిది. పిల్లలకి ఎత్తుతో కన్నా మెలికలతోనే ఇబ్బంది. ఖాళీ కడుపుతో కాకుండా, అలాగని పూరీలు పెట్టీ కాకుండా తీసుకెళ్లండి. కవర్లు చేతికందేలా పెట్టుకోండి.

లాడ్జ్‌లో రాత్రి ఉండటం అవసరమా?

కుదిరితే ఉండండి. పగటి టూర్లన్నీ మధ్యాహ్నానికి వచ్చి, ఫొటోలు దిగి, మూడింటికల్లా దిగిపోతాయి. ఆ తర్వాత అక్కడ మిగిలేది గాలి, గొర్రెల మెడగంటలు, లోయ. ఉదయం లేచేసరికి మబ్బులు మీ కింద ఉంటాయి, ఎక్కొచ్చిన దారంతా వాటి అడుగున దాగి ఉంటుంది.

హోటల్ సౌకర్యాలు మాత్రం ఊహించుకోవద్దు. గుండ్రటి రాతి గదులు, గడ్డి కప్పులు. వేడి కావాలంటే నిప్పు దగ్గర కూర్చోవాలి. కరెంటు, వేడినీళ్లు రోజంతా ఉంటాయనుకోకుండా వెళ్తే నిరాశ ఉండదు. ఫోన్లు, పవర్‌బ్యాంకులు కిందే ఛార్జ్ చేసుకోండి. వేసవి అయినా సరే స్వెట్టర్, టోపీ, మేజోళ్లు, గాలి ఆపే జాకెట్ తీసుకెళ్లాలి. శాలువా కప్పుకుంటే సరిపోతుందని మా అత్తయ్యగారు అన్నారు. రాత్రి ఎనిమిదింటికి ఆవిడే మా అబ్బాయి జాకెట్ అడిగి తీసుకున్నారు.

శాకాహారులకి తిండి దొరుకుతుందా?

దొరుకుతుంది కానీ రకాలు తక్కువ. మెనూలో మాంసానిదే పెత్తనం. బుకింగ్‌లోనే శాకాహారమని రాసి, చేరాక ఇంకోసారి చెప్పండి. బసోతోల ఇళ్లల్లో తినే పాపా, మొరోహో అడిగి చూడండి. పాపా అంటే మొక్కజొన్న పిండి గట్టిగా ఉడికించిన ముద్ద, మొరోహో ఆకుకూర. రాగిసంకటి, పప్పాకు తిని పెరిగినవాళ్లకి ఇది కొత్తగా అనిపించదు, కాస్త కారం తప్ప. ఆ కారం మీ సంచిలో ఉండాలి. పొడులు, పచ్చళ్లు ఇండియా నుంచి తెచ్చేవాళ్లు విమానాశ్రయంలో దాచకుండా చూపించండి. పాల పదార్థాలు, గింజల విషయంలో వాళ్లు కఠినంగా ఉంటారు. డర్బన్‌లో విక్టోరియా స్ట్రీట్ మార్కెట్‌లో మసాలాలన్నీ దొరుకుతుండగా అంత మోత కూడా అక్కర్లేదు.

డబ్బు, పెట్రోల్, ఫోన్ సిగ్నల్?

లెసోతో కరెన్సీ లోటి, రాండ్‌తో సమానం. అక్కడ రాండ్లు తీసుకుంటారు, కానీ మీకు చిల్లరగా మలోటి (లోటికి బహువచనం) ఇస్తే అవి దక్షిణాఫ్రికాలో చెల్లవు, పైనే ఖర్చుపెట్టేయండి. సరిహద్దులో బండికి చిన్న రుసుము ఉంటుంది, నగదు ఉంచుకోండి. పెట్రోల్ అండర్‌బర్గ్ తర్వాత మళ్లీ మొఖోట్లాంగ్‌లోనే. పైకి వెళ్లాక దక్షిణాఫ్రికా సిమ్ రోమింగ్‌లోకి పోతుంది, డేటా ఆపేసుకోండి.

అక్కడి జనంతో ఎలా ఉండాలి?

పలకరింపు లేకుండా పని మాట మొదలుపెడితే బసోతోలు దాన్ని మర్యాదలేనితనంగానే చూస్తారు. పెద్దాయనైతే "దుమెలా, న్తాతే", పెద్దావిడైతే "దుమెలా, మ్మే" అనండి. వరసగా నాన్నా, అమ్మా అని పిలిచినట్టే. చౌకీలో ఉన్న ఆఫీసరుతో కూడా ఇలాగే మొదలుపెట్టండి, పని ఎంత సాఫీగా అవుతుందో చూడండి.

భుజాల చుట్టూ మందపాటి ఉన్ని దుప్పటి పిన్నుతో బిగించి, కాళ్లకి రబ్బరు బూట్లతో, గుర్రం మీద వెళ్లే కాపరులు కనిపిస్తారు. వాళ్లలో చాలామంది చిన్న పిల్లలు. ఫొటో తీసే ముందు అడగండి. కిటికీలోంచి చాక్లెట్లు విసరడం మాత్రం దయచేసి చేయకండి, పిల్లలు కదిలే బండ్ల వెంట పరిగెడతారు. ఏదైనా ఇవ్వాలనుంటే వాళ్ల దగ్గర ఉన్ని టోపీనో, గడ్డితో అల్లిన మొకొరొట్లో టోపీనో కొనండి. ఏ గుడిసె ముందైనా కర్రకి తెల్ల జెండా కట్టి ఉంటే అక్కడ ఇంట్లో కాచిన జొన్న బీరు అమ్ముతున్నారని అర్థం.

పైన చూడ్డానికి ఇంకేం ఉన్నాయి?

ఒక పూట మిగిలితే తారు రోడ్డు మీద కోటిసెఫోలా పాస్ దాకా వెళ్లిరండి, 3,240 మీటర్లు. నడక అలవాటున్నవాళ్లకి హాజ్‌సన్స్ శిఖరాలు దగ్గర్లోనే ఉన్నాయి. దక్షిణ ఆఫ్రికా ప్రాంతం మొత్తంలో ఎత్తైన తబానా న్ట్లెన్యానా, 3,482 మీటర్లు, కూడా ఇక్కడి నుంచే ఎక్కుతారు. దానికి రోజంతా పడుతుంది, దారి గుర్తులుండవు, మబ్బు పడితే దిక్కు తెలియదు. స్థానిక గైడ్ లేకుండా వెళ్లొద్దు.

దారిలో మనవాళ్లకి సంబంధించినవి ఏమైనా ఉన్నాయా?

పీటర్‌మారిట్జ్‌బర్గ్ రైల్వే స్టేషన్ దగ్గర ఆగండి. 1893 జూన్ 7 రాత్రి గాంధీని ఫస్ట్ క్లాసు పెట్టెలోంచి దించేసింది ఇక్కడే. హోవిక్ దగ్గర 1962 ఆగస్టు 5న మండేలాని అరెస్టు చేసిన చోటు కూడా ఈ దారిలోనే. ఇక డర్బన్ విషయానికొస్తే, 1860 నవంబర్‌లో మద్రాసు నుంచి ట్రూరో ఓడలో కూలీల మొదటి బృందం దిగింది ఆ రేవులోనే. 1911 దాకా అలా లక్షా యాభై వేలమందికి పైగా వచ్చారు, వాళ్లలో తెలుగు జిల్లాలవాళ్లూ ఉన్నారు. వాళ్ల పిల్లలు 1931లో పెట్టుకున్న ఆంధ్ర మహాసభ ఇప్పటికీ నడుస్తోంది. డర్బన్‌లో ఒకరోజు ఎక్కువ ఉంచుకుని వాళ్లలో ఎవరినైనా కలవండి. సానీ గురించి వాళ్ల దగ్గర దొరికే సలహా కూడా నా సలహాకన్నా పాతది.

బండి మధ్యలో ఆగిపోతే?

ఆ దారిలో ఎవరూ ఎవర్నీ వదిలేసి పోరు, వెనక వచ్చే బండి ఆగుతుంది. మీరు చేయాల్సింది చక్రాల వెనక రాళ్లు పెట్టడం, జనాన్ని దించి కొండవైపు నిలబెట్టడం. లోయవైపు తలుపు తెరవొద్దు. ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో లెసోతో పేరు విడిగా ఉందో లేదో ముందే చూసుకోండి, "దక్షిణాఫ్రికా" అంటే అది కూడా కలిసినట్టు కాదు. పల్లె రోడ్ల మీద చీకటి పడ్డాక ఆవులు, మేకలు పడుకుని ఉంటాయి, అండర్‌బర్గ్ నుంచి వెనక్కి వెళ్లేటప్పుడు కూడా పగలే వెళ్లండి.

అంత దూరం వెళ్లాక పాస్ మూసేసి ఉంటే?

ఇది జరుగుతుంది, ముఖ్యంగా జూలైలో. లాడ్జ్‌కి ఫోన్ చేసి తేదీ మార్చమని అడగండి. వాతావరణం వల్ల ఆగిపోయినవాళ్లకి ఏ రూలు ఉందో బుక్ చేసేటప్పుడే రాతపూర్వకంగా తీసుకుని ఉంటే వాదనలుండవు. ఆ రోజుకి హిమ్‌విల్‌లో పాత కోటలో, తర్వాత జైలుగా వాడిన భవనంలో చిన్న మ్యూజియం ఉంది, చూడొచ్చు. తారు ఉన్నంతవరకు కారులో లోయలోకి వెళ్లి, నది ఒడ్డున టీ తాగి రావచ్చు. మర్నాడు పొద్దున చౌకీకి వెళ్లే ముందు మళ్లీ ఒకసారి ఫోన్ చేయండి.